రూకకు ఇంత భోజనమా!

కాకతీయుల గురించి ఏం చదవాలని మా డిగ్రీ పిల్లలు అడిగితే నేను ముందు చేతిలో పెట్టేది ‘క్రీడాభిరామం’ అనే పాత తెలుగు పద్యరచన. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు, కథ అంతే. కవి వినుకొండ వల్లభరాయుడు అంటారు, శ్రీనాథుడిదేనని వాదించినవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ గొడవకంటే అందులో వచ్చే లక్ష్మణవజ్ఝల గారి పూటకూళ్ళ ఇల్లు, అంటే డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఇల్లు, ముఖ్యం.

కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుకునే వంటకాలు, గడ్డపెరుగు. ఇదంతా ఒక్క రూకకు, అంటే ఆనాటి ఒక్క నాణేనికి! దానాల లెక్కలు చెప్పే శాసనం ఇలా విస్తరి వేసి వడ్డించదు కదా.

అయితే ఒక జాగ్రత్త. కాకతీయ రాజ్యం 1323లో పోయింది, వల్లభరాయుడు ఆ తరువాతివాడు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామం’ ఆధారంగా రాశాడు. కాబట్టి ఏది ఏ కాలపు ముచ్చటో తూచుకుంటూ చదవాలి.

అందుకు పక్కన సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పెట్టుకోండి. కావ్యాల్లోంచి తిండీ బట్టా ఆటలూ నమ్మకాలూ ఏరి, జనం చరిత్ర కట్టిన మనిషి ఆయన. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ అవార్డు దీనికే వచ్చింది. ఎన్నిసార్లు చదివినా ఆ ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

పద్యాలంటే టెన్షన్ వద్దు. అర్థాలు వివరించే టీకా ఉన్న ప్రతి తెచ్చుకుని, ముందు ఆ భోజనం పద్యమే చదవండి.