సెమిలిగుడలో రెండు మీటర్ల పైపు

సాలూరు వాళ్ళకి ఒడిశాలోని జయపురం దారి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరు దాటితే ఘాటీ, పైన సుంకి, పొట్టంగి, సెమిలిగుడ, కొరాపుట్, ఆ తర్వాత దిగుడు. కాగితాల మీద ఇప్పుడది 26వ నంబరు జాతీయ రహదారి గానీ, మా లారీల వాళ్ళ నోట్లో ఇంకా 43 రోడ్డే. నూరు కిలోమీటర్ల దారి, లోడుతో పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి జయపురంలో ఉండాలి. మొన్న కార్తీకంలో మాకు రెండు రోజులు పట్టింది. అందులో ఒకటిన్నర రోజు సెమిలిగుడలో ఒక షెడ్డు ముందే గడిచింది, ఇదంతా రాస్తున్నది ఆ షెడ్డు గురించే.

మా బండి 1613. అంటే 16 టన్నుల బండి, 130 గుర్రాల ఇంజన్. నాన్న కొన్నది. కంప్యూటర్లు, సెన్సర్లు ఏమీ లేని పాత పంపు ఇంజన్, స్కానర్ పెట్టి చూద్దామన్నా పెట్టడానికి చోటు లేదు. ఇలాంటి బండికి రోగం వస్తే పొగ చూసి, చప్పుడు విని, చేత్తో పట్టుకుని తెలుసుకోవాల్సిందే. నాలుగు నెలల నుంచి దీనికి ఒక రోగం పట్టుకుంది. మైదానంలో విజయనగరం వరకూ, విశాఖ వరకూ సూదిలా వెళ్తుంది. ఘాటీ ఎక్కేటప్పుడు మాత్రం ఏదో ఒక మలుపులో ఉన్నట్టుండి లాగడం మానేస్తుంది, గేరు తగ్గించినా లాభం ఉండదు, రెండు మూడు సార్లు ఎగిరినట్టు కొట్టి ఆగిపోతుంది. చక్రం కింద చెక్క దిమ్మ పెట్టి, పది నిమిషాలు కూర్చుని సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. అదీ ప్రతి ట్రిప్పుకీ కాదు. మూడు ట్రిప్పులు బాగా వెళ్ళి, ఇక పోయిందనుకుని నిద్రపోయాక నాలుగో ట్రిప్పులో మళ్ళీ.

పూర్తిగా పాడైపోయిన బండి నయం. వచ్చి పోయే రోగం ఉన్న బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, అక్కడ చక్కగా ఆడుతుంది. కింద ముగ్గురి దగ్గర చూపించాం. ఒకాయన డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చాడు. ఇంకొకాయన ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాడు. మూడో ఆయన మెయిన్ పంపు విప్పి కాల్‌బ్రేషన్‌కి పంపించి, నాజిల్స్ కూడా చేయించాడు. అన్నీ కలిపి 23 వేలు దాటింది. ప్రతిసారీ షెడ్డు ముందు ఖాళీ బండి ఆన్ చేసి రెండుసార్లు యాక్సిలేటర్ తొక్కి, "సూపర్‌గా ఉంది" అనడమే. ఖాళీ బండి, చదును నేల, అక్కడ ఎందుకు బాగుండదు? నాకు కోపం డబ్బులకి కాదు, ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా ఇది ఎప్పుడు వస్తోంది అని నోరు తెరిచి అడగలేదు.

ఈసారి 200 సిమెంటు బస్తాలు, పది టన్నులు, జయపురానికి. నాన్న కాలం నుంచి బండి నడుపుతున్న చిన్నాన్న స్టీరింగ్ మీద, క్లీనర్ కుర్రాడు, మధ్యలో నేను. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. ఘాటీలో ఒకసారి ఆగింది. వెనక నుంచి లారీలు హారన్లు కొడుతుంటే, మలుపులో, మంచులో, నేను టార్చి పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ఆ పది నిమిషాల టెన్షన్ ఘాటీలో ఆగినవాళ్ళకే తెలుస్తుంది. చిన్నాన్న వయసు యాభై ఎనిమిది, హ్యాండ్ బ్రేక్ మీద పెట్టిన చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నాడు. సుంకి చేరి, టిఫిన్ చేశాం. ఇడ్లీ మీద చట్నీ బదులు బఠాణీల ఘుగుని పోసి ఇస్తారు అక్కడ, అది నాకిష్టమే గానీ సాలూరు కంటే ధర ఎక్కువ. పొట్టంగి దాటాక ఒకటి, సెమిలిగుడ ముందు ఇంకొకటి, మొత్తం మూడు సార్లు ఆగింది. మూడోసారి టీ కొట్టు ముందు ఆగితే ఆ కొట్టతను, నంబరు ప్లేటు చూసి కాబోలు, తెలుగులోనే చెప్పాడు: "ముందుకెళ్ళకండి బాబూ, ఇక్కడ బండ్లు బాగుచేసే మేస్త్రి ఉన్నాడు, చూపించుకోండి."

మేస్త్రికి డెబ్బై దగ్గర ఉంటాయి. రేకుల షెడ్డు, ఒక గొయ్యి, గోడకి సైజు వారీగా పానాలు. వాళ్ళ తాతల కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చారట. అప్పటికి ఈ కొరాపుట్ అంతా విశాఖపట్నం జిల్లాలోదే, 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక ఇటు వచ్చింది, వీళ్ళు ఉన్నచోటే ఉండిపోయారు. మాతో తెలుగు, కుర్రాళ్ళతో ఒడియా, సంతకి వచ్చేవాళ్ళతో ఇక్కడి కొండల మాట దేశియా, హర్యానా లారీ డ్రైవర్‌తో హిందీ, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఆగకుండా మారిపోతున్నాడు.

బానెట్ ఎత్తలేదు. స్టూలు వేసుకుని కూర్చుని మమ్మల్ని కూర్చోమన్నాడు.

"ఎప్పుడొస్తాది బాబూ ఇది? ఎక్కుడులోనా, దిగుడులోనా?"

"ఎక్కుడులోనే మేస్త్రి గారూ."

"ఆగిపోయే ముందర పొగ నల్లగా వస్తాదా?"

నాకు తెలియదు. చిన్నాన్న చెప్పాడు, "లేదన్నా, అద్దంలో చూస్తుంటాను కదా, ఉన్న పొగ కూడా ఆగిపోతాది."

"అయితే గాలి తక్కువై కాదు. డీజిలే రావట్లేదు. ట్యాంకులో ఎంత ఉన్నప్పుడు వస్తాది?"

ఇది మేమెప్పుడూ ఆలోచించలేదు. చిన్నాన్న కళ్ళు మూసుకుని ట్రిప్పులన్నీ గుర్తు చేసుకున్నాడు. బాగా వెళ్ళిన ట్రిప్పులన్నీ ట్యాంకు నింపి బయల్దేరినవే. ఆగినవి సగానికి తక్కువ ఉన్నవి. నాలుగు నెలలుగా ఆ సంగతి మా దగ్గరే ఉంది, అడిగినవాడు లేడు.

మేస్త్రి లేచి బండి చుట్టూ తిరిగాడు. ట్యాంకు దగ్గర ఆగి, మూత మీద వేలితో తట్టి, "ట్యాంకు పాతది, మూత కొత్తది" అన్నాడు. వానాకాలంలో జయపురం అవతల బొరిగుమ్మ దగ్గర మూత ఎక్కడో పడిపోయిందని, తర్వాత కొత్తది వేశామని చెప్పాను. సరే అన్నట్టు తలూపి ఊరుకున్నాడు.

తర్వాత కుర్రాణ్ణి పంపి రెండు మీటర్ల ప్లాస్టిక్ పైపు తెప్పించాడు, అద్దంలా లోపలిది కనపడే మెత్తటి పైపు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి వచ్చే పైపు విప్పి దాని బదులు ఇది బిగించాడు, పైపు చివర్లు బిగించే బాంజో బోల్టులకి కొత్త రాగి వాషర్లు వేసి. చేతి పంపు కొట్టి ఎయిర్ తీశాడు. తీస్తూ చెప్పాడు, నేను ఫోన్లో రాసుకున్నాను: ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఎక్కడ చిల్లి ఉన్నా డీజిల్ బయటికి కారదు, అక్కడ పంపు పీలుస్తుంటుంది కాబట్టి గాలి లోపలికి వెళ్తుంది. నేల మీద చుక్క లేదు కదా అని వదిలెయ్యకూడదు. గాలి వెళ్తే ఈ పైపులో బుడగలు కనిపిస్తాయి. గాలి కాకుండా ఎక్కడైనా అడ్డు ఉంటే బుడగ రాదు, పైపే నొక్కుకుపోతుంది.

లోడు దించకుండానే బండి వెనక్కి తిప్పి కుందులి వైపు బయల్దేరాం. మేస్త్రి పైపుని క్యాబిన్ పక్కగా, సైలెన్సర్‌కి దూరంగా, తను తల బయటికి పెడితే కనపడేలా కట్టాడు. అల్లం మూటలతో ఆటోలు, చిలగడదుంపల బుట్టలతో ఆడవాళ్ళు, చలికాలపు ఎండ, కొండల వెనక ఎక్కడో దేవమాలి శిఖరం. ఇంకో రోజైతే ఇవన్నీ చూసి సంబరపడేవాణ్ణి. ఆ రోజు నా కళ్ళన్నీ పైపు మీదే. లేత పసుపు డీజిల్, ఒక్క బుడగ లేకుండా నిండుగా వెళ్తోంది. ఎప్పుడెప్పుడు ఆగిపోతుందా అని బండి యజమాని ఎదురుచూడటం అదే మొదటిసారి.

రెండో ఎక్కుడులో వచ్చింది. ముందు చిన్నాన్న "పట్టింది" అన్నాడు, యాక్సిలేటర్ కాలికి తెలిసింది. నేను పైపు వైపు చూశాను. తాగేసిన కొబ్బరిబొండంలో స్ట్రా పెట్టి గట్టిగా పీలిస్తే బుగ్గలు ఎలా లోపలికి పోతాయో అలా ఆ పైపు రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయింది. బుడగ లేదు. ఇంజన్ రెండుసార్లు ఎగిరి ఆగింది. మేస్త్రి గబుక్కున దిగి ట్యాంకు మూత తిప్పాడు. మూతకున్న గాలి రంధ్రం పూడిపోతే ట్యాంకులో గాలి లేక డీజిల్ రాదు, అప్పుడు మూత తీయగానే బుస్సుమంటుంది. చప్పుడు రాలేదు, పైపూ లేవలేదు. "మూత కాదు. లోపల ఉంది దొంగ" అన్నాడు. మేం ముగ్గురం ఆ పైపు చుట్టూ నిలబడ్డాం. ఆరేడు నిమిషాలకి అది దానంతట అదే మెల్లగా గుండ్రంగా అయింది, అడుగు నుంచి డీజిల్ పాకుతూ వచ్చింది. నాలుగు నెలలు, 23 వేలు, ఆ మలుపుల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవడం, దానికి కారణమైనది మొదటిసారి నా కళ్ళకి కనపడింది. ఏడుపొచ్చినంత పనైంది.

అయినా ఆయన ట్యాంకు విప్పలేదు. చీకటి పడుతోంది, ఇంకొకటి చూడాలి, పొద్దున్న చూద్దాం అన్నాడు. ఆ రాత్రి లారీలోనే పడుకున్నాం, ఆ చలికి రెండు రగ్గులు చాల్లేదు. పొద్దున్న వాళ్ళావిడ మాకు స్టీలు గ్లాసుల్లో చోడంబలి, అంటే రాగి అంబలి ఇచ్చింది. ఇక్కడ మండియా పేజ్ అంటారు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగితే అచ్చం మా అమ్మమ్మ చేసిందే. నాన్న ఘాటీకి బయల్దేరేటప్పుడు క్యాన్‌లో ఇదే పోసుకెళ్ళేవాడు, మధ్యాహ్నం దాకా ఆకలెయ్యదని. హోటల్ ముందు బండి ఆపితే టైము, డబ్బు రెండూ పోతాయనేవాడు. ఆవిడకి ఆ సంగతి చెబితే ఇంకో గ్లాసు పోసింది.

ఇంకొకటి అన్నది డబ్బా. 20 లీటర్ల క్యాన్ నిండా శుభ్రమైన డీజిల్ పోసి, క్యాబిన్ వెనక కదలకుండా తాళ్ళతో కట్టి, ఫీడ్ పంపుకి అందులోంచే ఇచ్చాడు. వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా అదే క్యాన్‌లో పెట్టాడు, అది ట్యాంకులోకి పోనిస్తే క్యాన్ దారిలోనే ఖాళీ అయిపోతుందని. ట్యాంకుతో సంబంధం తెగిపోయింది. ఇలా నడిచినప్పుడు రోగం వస్తే పంపు వైపు, రాకపోతే ట్యాంకు వైపు. నిన్నటి ఎక్కుళ్ళే, అదే లోడు, రెండుసార్లు ఎక్కించాడు. బండి గుర్రంలా ఎక్కింది. చిన్నాన్న ముఖం చూడాలి అప్పుడు.

ఇక ట్యాంకు. అడుగు నట్టు విప్పి డీజిల్ డ్రమ్ముల్లోకి దించి, పైన ఫ్లోట్, పీల్చే గొట్టం ఊడదీశాడు. గొట్టం చివర ఉండాల్సిన జల్లెడ లేదు, ఎప్పుడు పోయిందో మాకు తెలియదు. మేస్త్రి చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి దాకా లోపల పెట్టి, మూలలన్నీ తడిమి, పిడికిలి బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. అరచేయంత పాలిథిన్ ముక్క, పచ్చరంగుది, డీజిల్‌కి మెత్తబడి జారుతోంది.

నేను గుర్తుపట్టాను. బొరిగుమ్మ దగ్గర మూత పోయిన రాత్రి వర్షం పడుతుంటే ట్యాంకులోకి నీళ్ళు వెళ్తాయని బట్టల షాపు కవరు చింపి ట్యాంకు మూతికి కట్టింది నేనే. తెల్లారి మూత కొన్నాక చూస్తే కవరు చిరిగి ఉంది, గాలికి పోయి ఉంటుందనుకున్నాను. చిన్నాన్నకి ఆ మాట అక్కడే చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "నీళ్ళు పోకుండా కట్టావు, మంచికే కట్టావు" అన్నాడు.

డీజిల్ కంటే పాలిథిన్ బరువట, అందుకే తేలదు, అడుగున పడుంటుంది. ట్యాంకు నిండా ఉంటే అడుగున పెద్దగా కదలిక ఉండదు. సగానికి తగ్గాక ఎక్కుడులో డీజిల్ అటూ ఇటూ కొట్టుకుంటే కవరు లేస్తుంది, అదే సమయంలో ఇంజన్ లాగుడు కూడా ఎక్కువ, గొట్టం మూతికి అతుక్కుంటుంది. ఇంజన్ ఆగితే పీల్చడం ఆగుతుంది, కాసేపటికి జారిపోతుంది. దిగుడులో డీజిల్ అవసరమే లేదు కాబట్టి రాదు. మేస్త్రి ఇదంతా ఒక బకెట్ నీళ్ళలో గుడ్డ ముక్క వేసి, పైపుతో పీల్చి మా క్లీనర్ కుర్రాడికి చూపించాడు. వాడు మూడుసార్లు పీల్చి చూశాడు.

ట్యాంకు కడిగి, గొట్టానికి కొత్త జల్లెడ పెట్టి, డీజిల్‌ని గుడ్డతో వడకట్టి తిరిగి పోసి, అంతా అయ్యేసరికి ఒంటిగంట. ఎంత అని అడిగితే 1,200 అన్నాడు, వాషర్లు, జల్లెడ, పైపు కలిపి. ఒకటిన్నర రోజుకి. రెండు వేలు ఇస్తే 800 లెక్కపెట్టి వెనక్కిచ్చాడు, ఎంత బతిమాలినా తీసుకోలేదు. మీ పంపు, మీ నాజిల్స్ బాగానే ఉన్నాయి, వాటి మీద పెట్టినది ఎక్కడికీ పోదులే అని మాత్రం అన్నాడు.

కొరాపుట్‌లో ఆగలేదు. సాయంత్రానికి జయపురంలో గోడౌన్ దగ్గర పెట్టాం, ఒక రోజు ఆలస్యమైందని సేటు కిరాయిలో 1,500 కోసుకున్నాడు, హమాలీలు బస్తాకి రూపాయి ఎక్కువ అడిగారు. రిటర్న్ మొక్కజొన్న లోడు. వచ్చేటప్పుడు ట్యాంకు కావాలనే నింపలేదు, సగం కంటే తక్కువతోనే కొరాపుట్ ఎక్కుళ్ళు ఎక్కించాం. చిన్నాన్న ఒక్కసారి కూడా గేరు అదనంగా తగ్గించలేదు. సెమిలిగుడ షెడ్డు ముందు హారన్ కొడితే మేస్త్రి గొయ్యిలోంచి చెయ్యి మాత్రం పైకెత్తి ఊపాడు, ఎవరిదో బస్సు కింద ఉన్నాడు.