ఖాళీ బెడ్‌రూమ్ కోత: బ్రిటన్‌లో కౌన్సిల్ ఇంట్లో ఉండేవాళ్లు చూసుకోవాల్సిన లెక్క

బ్రిటన్‌లో కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇంట్లోనో, హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేని గృహ సంస్థ) ఇంట్లోనో ఉంటూ అద్దెకు ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్లకు 2013 ఏప్రిల్ 1 నుంచి ఈ కోత ఉంది. జనం నోట ఇది ‘బెడ్‌రూమ్ ట్యాక్స్’. నిజానికి పన్ను కాదు, సాయంలో కోత. అవసరానికి మించి ఒక గది ఉంటే లెక్కలోకి వచ్చే అద్దెలో 14 శాతం, రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 25 శాతం పోతుంది. వారానికి 120 పౌండ్ల అద్దె అనుకుందాం. ఈ సాయం ఇచ్చే ప్రభుత్వ పథకం యూనివర్సల్ క్రెడిట్ దాన్ని 52తో గుణించి 12తో భాగిస్తుంది, నెలకు 520. ఒక గదికి 72.80, రెండింటికి 130 పౌండ్లు చేతి నుంచి కట్టుకోవాలి. పెన్షన్ వయసు దాటినవాళ్లకు ఈ కోత లేదు. అయితే జంటలో ఒకరే ఆ వయసు దాటి, కొత్తగా యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు పెడితే కోత పడుతుంది.

గదిని మీరు దేనికి వాడుతున్నారన్నది ఎవరూ అడగరు. పూజగది చేసినా, బియ్యం బస్తాలు పెట్టినా అది బెడ్‌రూమే. ఎవరెవరు ఉంటున్నారన్నదే లెక్క. దంపతులకు ఒకటి, 16 నిండిన ప్రతి మనిషికీ ఒకటి. 16 లోపు ఇద్దరు మగపిల్లలు గానీ, ఇద్దరు ఆడపిల్లలు గానీ ఒకే గదిలో సర్దుకోవాలి. పదేళ్ల లోపైతే బాబూ పాపా కూడా కలిసే. అంటే తొమ్మిదేళ్ల బాబు, ఏడేళ్ల పాప ఉన్న కుటుంబానికి మూడు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఒకటి ఎక్కువ. బాబుకు పదేళ్లు నిండగానే అది ఎక్కువ కాకుండా పోతుంది. ఆ పుట్టినరోజు తర్వాత కోత ఆగిందో లేదో స్టేట్‌మెంట్ తీసి చూడండి.

తల్లిదండ్రులు విడిపోయి పిల్లలు రెండిళ్లలో ఉంటే, ప్రధానంగా ఎవరి బాధ్యతో ఆ ఒక్క ఇంట్లోనే లెక్క. వారానికి మూడు రాత్రులు వచ్చినా రెండో ఇంటికి గది రాదు. ఇది అన్యాయమే, కానీ నిబంధన అదే. ఊరి నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ గది రాదు, వాళ్ల ఇల్లు ఇది కాదు కాబట్టి. అన్నట్టు, వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు) అని ఉన్నవాళ్లు అసలు ఈ సాయానికే దరఖాస్తు పెట్టకూడదు. పెడితే వీసాకే చిక్కు.

అదనపు గది దొరికే దారులు కొన్ని ఉన్నాయి. బయటి నుంచి వచ్చి తరచుగా రాత్రంతా ఉండి చూసుకునే సహాయకులు ఉంటే ఒక గది. వైకల్యం వల్ల గది పంచుకోలేని పిల్లలకు ఒకటి. 2016లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2017 ఏప్రిల్ నుంచి గది పంచుకోలేని దంపతులకూ ఒకటి ఇస్తున్నారు. వీటికి వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే పిప్, డీఎల్‌ఏ లాంటి భత్యంలో సంరక్షణ భాగం వస్తూ ఉండాలి. డాక్టరు లేఖలో జబ్బు పేరు రాస్తే చాలదు. రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తుంది, ఏ యంత్రం ఎంత చోటు తీసుకుంటుంది, పక్కవాళ్ల నిద్ర ఎలా చెడుతుంది అన్నవి రాయించండి. ఈ వివరం లేకపోతే ఫారం తిరిగి రావచ్చు. ఒంటరిగా ఉండే మనిషికి వైద్య సామాను పెట్టుకోవడానికి మాత్రం గది ఇవ్వరు. ఫోస్టర్ కేర్ చేసేవాళ్లకు (ఇతరుల పిల్లలను తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునేవాళ్లకు) ఒక గది ఉంది, పిల్లలు ఎందరున్నా ఒక్కటే.

మరీ ఇరుకు గదైతే వాదించవచ్చు. చట్టంలో కనీస కొలత లేదు. 2014లో అప్పర్ ట్రిబ్యునల్ (ఇలాంటి అప్పీళ్లు వినే పై స్థాయి న్యాయస్థానం) చెప్పిందేమిటంటే, ఇంటి యజమాని కాగితంలో ‘బెడ్‌రూమ్’ అని రాయడం మొదటి మాటే, చివరి మాట కాదు. విస్తీర్ణం, ఆకారం, వెలుతురు, గాలి, తలుపు తీరు అన్నీ చూడాలి. టేపుతో కొలిచి, మంచం వేస్తే తలుపు తెరుచుకుంటుందో లేదో ఫొటో తీసి పంపండి. యూనివర్సల్ క్రెడిట్‌లో నిర్ణయం వచ్చిన నెలలోపు ‘మ్యాండేటరీ రీకన్సిడరేషన్’ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించడం) అడగాలి, ఆ తర్వాతే ట్రిబ్యునల్.

గదిని అద్దెకిస్తే? యూనివర్సల్ క్రెడిట్‌లో లాడ్జర్ (మీ ఇంట్లో గది అద్దెకు తీసుకున్న మనిషి) ఇచ్చే డబ్బును ఆదాయంగా లెక్కించరు, కానీ గది మాత్రం ఖాళీ కిందే ఉంటుంది, కోత తప్పదు. యూనివర్సల్ క్రెడిట్‌కు ముందున్న పాత అద్దె సాయం, హౌసింగ్ బెనిఫిట్‌లో తిరకాసు ఇంకో వైపు ఉండేది. గది నిండినట్టే లెక్క, కానీ భోజనం లేకుండా ఇస్తే వారానికి మొదటి 20 పౌండ్లు దాటిన ఆదాయం చూసేవారు. ఏదైనా ముందు ఇంటి యజమాని అనుమతి కావాలి.

కోత భరించలేకపోతే అదనపు సాయం కోసం కౌన్సిల్‌కు విడిగా దరఖాస్తు పెట్టాలి, యూనివర్సల్ క్రెడిట్ ఆఫీసుకు కాదు. స్కాట్లాండ్‌లో ఈ కోతను డిస్క్రెషనరీ హౌసింగ్ పేమెంట్ అనే అదనపు అద్దె సాయంతో పూడుస్తారు. మిగతాచోట్ల కౌన్సిల్ ఇచ్చే ఇలాంటి సాయం హక్కు కాదు, ఎక్కువగా కొద్ది నెలలకే ఇస్తారు, గడువు ముగియకముందే మళ్లీ అడగాలి. చిన్న ఇంటికి మారదామంటే ప్రైవేటు ఇంటికి తొందరపడకండి, కౌన్సిల్ టెనెన్సీ (అద్దె ఒప్పందం) పోతే మళ్లీ దొరకడం కష్టం. మరో కౌన్సిల్ కుటుంబంతో ఇళ్లు మార్చుకునే పద్ధతి మేలు. యజమాని లిఖిత అనుమతి వచ్చేదాకా మాత్రం సామాను కదపకండి. అద్దె బాకీ ఉంటే అది తీర్చాకే ఒప్పుకుంటామని షరతు పెట్టగలరు.