ట్రోమ్సోలో ఏడు గంటలు, వీసా మీద ఒక్క అంకె

నిన్న రాత్రే ఓస్లోకి తిరిగొచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు. నార్వేకు ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్లాలనుకునేవాళ్లు ఇది చదివాకే వీసా ఫారం నింపండి.

ఓస్లో నుంచి ఉత్తర నార్వేలోని ట్రోమ్సోకు డొమెస్టిక్ ఫ్లైటే, ఇబ్బందేమీ లేదు. అక్కణ్నుంచి స్వాల్‌బార్డ్‌లోని ఊరు లాంగ్‌యియర్‌బ్యెన్‌కు వెళ్లే ఫ్లైటుకు ఏడు గంటల టైముంది. ఎయిర్‌పోర్టులో కూర్చోకండి, సిటీ బస్సెక్కితే ఊరి మధ్యకు ఐదు కిలోమీటర్లే. దిగగానే స్పోర్ట్స్ షాపులో 'బ్రొడ్డర్' అడగండి. బూట్లకు తొడిగే రబ్బరు పట్టీలు, అడుగున ఇనుప మేకులుంటాయి. ఫిబ్రవరిలో అక్కడ చలికన్నా నేలతోనే ప్రమాదం. పగలు కరిగిన మంచు సాయంత్రానికి గాజుపలకలా గట్టిపడుతుంది. లోపలికెళ్లేటప్పుడు మాత్రం విప్పేయాలి, టైల్స్ మీద ఆ మేకులే జారతాయి. ఆదివారం షాపులు చాలావరకు మూసేస్తారు.

ఊళ్లో వంతెన అవతల, 421 మీటర్ల ఎత్తుకు వెళ్లే కేబుల్ కారు ఉంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. నడుస్తోందో లేదో చూసుకున్నాకే వంతెన దాటండి. ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. పైజేబులో ఉంటే బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది.

ఇక అసలు సంగతి. స్వాల్‌బార్డ్ నార్వేదే, కానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల ప్రాంతంలో లేదు. 1920 నాటి ఒప్పందం వల్ల అక్కడికి ఎవరికీ వీసా అక్కర్లేదు. హైదరాబాద్‌లో మా ఏజెంటు ఈ సగం మాటే పట్టుకుని, "సింగిల్ ఎంట్రీ చాలు సార్" అని టిక్కు పెట్టేశాడు. రెండో సగం ఏమిటంటే, ట్రోమ్సోలో పాస్‌పోర్టు కౌంటరు దాటితే షెంగెన్ నుంచి బయటికెళ్లినట్టే. తిరిగి రావడం రెండో ఎంట్రీ అవుతుంది.

కౌంటర్‌లో ఆవిడ స్టిక్కరు మీద 'నంబర్ ఆఫ్ ఎంట్రీస్' కింద ఉన్న '01' మీద వేలు పెట్టి నావైపు తిప్పింది. "వెళ్తే దీంతో వెనక్కి రాలేరు" అంది, మర్యాదగానే. వెనక క్యూ అంతా చూస్తుండగా పక్కకు జరిగి నిలబడ్డాను. ఏజెంట్‌కు ఫోన్ చేస్తే, "మీరు చూసుకోవాల్సింది కదా సార్" అన్నాడు. ఫీజు తీసుకున్నది చూడటానికే కదా!

ఫారంలో మల్టిపుల్ అడగండి, కనీసం రెండు. ప్రయాణ వివరాల్లో ట్రోమ్సో–లాంగ్‌యియర్‌బ్యెన్ రానూపోనూ రెండూ వేరువేరుగా చూపించండి, ఎందుకు రెండు ఎంట్రీలు కావాలో కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యం రాయండి. స్టిక్కరు చేతికి రాగానే అదే చోట '02' గానీ 'మల్ట్' గానీ ఉందేమో చూడండి. మన హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి స్వాల్‌బార్డ్‌లోనే ఉంది, అక్కడికి వెళ్లే విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది.

కౌంటరు దగ్గర ఆగిపోతే వెంటనే ఎయిర్‌లైన్ వాళ్లకు చెప్పండి, చెకిన్ చేసిన సూట్‌కేసు విమానంలోంచి దించాలి. నాది నలభై నిమిషాలకు బెల్టు మీద ఒక్కటే తిరుగుతూ వచ్చింది.