చికాకోల్ ముద్ర

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి తెస్తున్న ఈ సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగితే, చాలామంది వార్షికోత్సవం నాటకాలు, నాగావళి ఇసకలో ఆడిన క్రికెట్, బెంచీల మీద చెక్కిన పేర్లు ఎంచుకున్నారు. సోషల్ మాస్టారి పోస్టు కవర్ల పిచ్చి, వాటి మీది తపాలా ముద్రల పిచ్చి గురించి మాత్రం ఎవరూ రాసేలా లేరు. 1990లో పదో తరగతి పాసైన మా బ్యాచ్ నేర్చుకున్న చరిత్రలో సగం ఆ కవర్ల మీదే ఉంది. అందుకని ఆ పని నేను తీసుకుంటున్నాను.

అప్పట్లో ప్రతి క్లాసులోనూ స్టాంపులు పోగుచేసేవాళ్ళు ఉండేవారు. పద్ధతి అందరిదీ ఒకటే. ఉత్తరం రాగానే మూల చింపడం, గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టడం, జిగురు ఊడాక పాత పేపరు మీద ఆరేసి నోటుబుక్కులో అంటించడం. ముద్ర పడని స్టాంపు దొరికితే ఇంకా గొప్ప. మాస్టారికి ఇది చూస్తే ఒళ్ళు మండేది. "బొమ్మ కోసం ఉత్తరం పీక కోసేస్తారేట్రా!" అనేవారు. ఆయన లెక్క వేరు. స్టాంపు నాసిక్ ప్రెస్సులో లక్షల్లో అచ్చవుతుంది. ఢిల్లీలో కొన్నా పలాసలో కొన్నా అదే బొమ్మ. దాని మీద పడిన నల్లటి ముద్ర మాత్రం ఆ ఒక్క ఉత్తరానిదే. ఏ ఊళ్ళో, ఏ రోజు పోస్టులో వేశారో అదే చెబుతుంది. వెనక్కి తిప్పితే చేరిన ఊరి ముద్ర ఉంటుంది. రెండు తేదీలూ చూస్తే ఉత్తరం దారిలో ఎన్నాళ్ళుందో తేలుతుంది. మూల చింపేస్తే సగం ముద్ర స్టాంపుతో పోతుంది, మిగతా సగం చెత్తబుట్టలోకి పోతుంది.

స్టాంపు కంటే ముద్రకే వయసెక్కువ అని ఆయన చెప్పేదాకా మాకెవరికీ తెలీదు. ప్రపంచంలో మొదటి స్టాంపు, పెన్నీ బ్లాక్, 1840 మే నెలలో ఇంగ్లండులో వచ్చింది. అదే దేశంలో 1661లోనే హెన్రీ బిషప్ అనే పోస్టుమాస్టర్ జనరల్ నెల, తేదీ ఉన్న ముద్ర వేయించడం మొదలుపెట్టాడు. ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని జనం గొడవ చేస్తున్నారు. ఆఫీసుకి ఏ రోజు చేరిందో ఉత్తరం మీదే కనిపిస్తే, ఏ బంట్రోతూ దాన్ని దగ్గర అట్టేపెట్టుకోడానికి ధైర్యం చెయ్యడని అతని ఆలోచన. ఆ ముద్రలో సంవత్సరం ఉండదు. అంటే మొదటి ముద్ర తపాలా వాళ్ళ మీదే నిఘా. ఈ సంగతి చెప్పేటప్పుడు మాస్టారు తెగ మురిసిపోయేవారు. హాజరుపట్టీలో ఒక్క కొట్టివేత కూడా సహించని మనిషి మరి.

ఆయన కవర్లు, కార్డులు దాచుకున్న పెట్టెలో నాకు బాగా గుర్తున్నది ఒక కాలణా కార్డు. ఐదో జార్జి తల అచ్చయి ఉంటుంది. గుండ్రటి ముద్రలో ఊరి పేరు ఇంగ్లీషులో "చికాకోల్" అని ఉంటుంది. అది మన శ్రీకాకుళమే, దొరలు రాసుకున్న స్పెల్లింగు. చిరునామా చివర "గంజాం జిల్లా" అని చూసి మాలో ఒకడు, "మనూరు ఒరిస్సాలో ఉండేదా మాస్టారూ?" అనడిగాడు. ఆయనకి కావలసిందే అది. ఆ రోజు పాఠం పుస్తకం తెరవకుండానే నడిచింది.

అప్పటి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో పెద్ద భాగం అటు వెళ్ళింది, మన వైపు ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం సొంత జిల్లా అయింది. 1953 అక్టోబరు 1న మద్రాసు పోయి ఆంధ్ర వచ్చింది, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. ఊరు కదల్లేదు, నాగావళి కదల్లేదు, అరసవల్లి గుడి అక్కడే ఉంది. చిరునామాలో చివరి గీత మాత్రం మారుతూ వచ్చింది. మాస్టారు బోర్డు మీద ఒక తేదీ వేసి, "ఈ రోజు ముద్ర ఉన్న కార్డు మీద జిల్లా పేరేటి రాసుంటారు?" అని అడిగేవారు. 1935 వేస్తే గంజాం అనాలి, 1940 వేస్తే విశాఖపట్నం. పార్వతీపురం అడిగితే అందరికీ టెన్షనే. అది 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చి, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డప్పుడు అటు వెళ్ళిపోయింది. మేం చదివే రోజులకి కథ అక్కడితో ఆగింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ప్రకటించినప్పుడు గ్రూపులో అందరికంటే ముందు పడిన మెసేజి, "మాస్టారి ప్రశ్నకి ఇంకో జవాబు కలిసిందర్రా" అని.

పెట్టెలో వేరే అరలో రంగం ఉత్తరాలు ఉండేవి. సోంపేట, బారువ, కళింగపట్నం వైపు వాళ్ళకి రంగం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి, అది బర్మాలోని రంగూన్. అక్కడి బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో పనికి మన తీరం నుంచి ఎన్ని కుటుంబాలు వెళ్ళాయో! మాస్టారు ఒక కవరు తీసి, ఇది ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పమన్నారు. స్టాంపు మీద ఇండియా అని ఉంది, కాబట్టి ఇండియా అన్నాం. "ముద్ర చూడండి" అన్నారు. రంగూన్, 1935. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం, అక్కడ అమ్మినవీ ఇండియా స్టాంపులే. విడిపోయాక మొదట అదే జార్జి బొమ్మ మీద "బర్మా" అని అదనంగా అచ్చు కొట్టి వాడారు, మరుసటి ఏడాది సొంత స్టాంపులు వచ్చాయి. ఏడెన్‌లోనూ 1937 దాకా, గల్ఫ్‌లోని మస్కట్ లాంటి చోట్ల స్వాతంత్య్రం నాటి దాకా నడిచింది ఇండియా స్టాంపులే. మామూలు కంటికి అన్నీ ఒకటే స్టాంపు. ముద్ర చదవడం వస్తేనే అది మస్కట్టో మచిలీపట్నమో తెలిసేది.

ఆ పాఠం విన్నాక సెలవలకి బారువ దగ్గర అమ్మమ్మ ఊరెళ్ళి, టేకు పెట్టె తీయమని ప్రాణం తీశాను. "మీ తాత రంగం నుంచి ఏసిన ఉత్తరాలు గుంటా, జాగర్త" అంటూ గుడ్డ మూట ఇచ్చింది. తాతకి చదువు రాదు, అక్కడెవరిచేతో రాయించేవాడు. సంగతులన్నీ దాదాపు ఒకటే: క్షేమం, డబ్బు పంపాను, దూడ ఎలా ఉంది. కానీ తేదీల వారీగా పేర్చుకుంటే మాస్టారు చెప్పిన మూడు దశలూ మూటలో ఉన్నాయి. ఇండియా స్టాంపు, పైన "బర్మా" అచ్చు, ఆ తర్వాత బర్మా స్టాంపు. చివరి కవరు 1941 అక్టోబరుది. సెన్సారు వాళ్ళు విప్పి మళ్ళీ చీటీ అంటించి పంపారు. డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ కవరు తర్వాత ఉత్తరం రాలేదు, తాతే వచ్చాడు. అడవిదారిన నడిచి, ఎక్కడో రైలెక్కి, ఎండాకాలంలో ఇంటికి చేరాడని అమ్మమ్మ చెప్పింది. ఆ మూటలోంచి మాస్టారికి ఇద్దామని ఒక కవరు పట్టుకెళ్తే ఆయన తీసుకోలేదు. వివరాలు నోటుబుక్కులో రాసుకుని, "ఇది మీ ఇంట్లోనే ఉండాలి" అని వెనక్కిచ్చేశారు.

మరి మా సొంతానికి బయటి దేశాల కవర్లు ఎక్కణ్ణించి వస్తాయి? శ్రీకాకుళంలో మాకెవరు రాస్తారు? దారి చూపింది ట్రాన్సిస్టర్. రాత్రి షార్ట్‌వేవ్‌లో విదేశీ స్టేషన్లు పట్టుకుని, ఏ రోజు, ఏ టైముకి, ఏ మీటర్ల మీద, ఎంత స్పష్టంగా వినిపించిందో రాసి పంపితే, నిజమే విన్నారని ధ్రువీకరిస్తూ వాళ్ళు ఒక రంగుల కార్డు పంపేవారు. దాన్ని క్యూఎస్ఎల్ కార్డు అంటారు. టైము మాత్రం మన గడియారం ప్రకారం రాస్తే పనికిరాదు, గ్రీన్‌విచ్ టైము రావడానికి అయిదున్నర గంటలు తీసేయాలి. లెక్కల్లో వెనకబడ్డ వాళ్ళు కూడా ఈ తీసివేత చకచకా చేసేవారు. కొలోన్ నుంచి డాయిష్ వెల్లె, హిల్వర్సమ్ నుంచి రేడియో నెదర్లాండ్స్, మాస్కో, టోక్యో, తూర్పు బెర్లిన్... ఎక్కడో ఈక్వడార్‌లో కీటో నుంచి హెచ్‌సీజేబీ పట్టుకున్నవాడు వారం రోజులు నేల మీద నడవలేదు.

చాలా కవర్ల మీద అసలు స్టాంపే ఉండేది కాదు. ఎర్ర సిరాతో మెషీన్ కొట్టిన ముద్ర ఒక్కటే. స్టాంపుల వాళ్ళు ఇవి చెత్త అన్నారు. మాస్టారు మాత్రం ఊరుంది, తేదీ ఉంది, కట్టిన రుసుము ఉంది, ఇంకేం కావాలన్నారు. నాకూ అదే నిజమనిపించింది. నా దగ్గరున్న తూర్పు బెర్లిన్ కవరు 1988ది. నేను ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా, 1990 అక్టోబరు 3న, ఆ దేశం పశ్చిమ జర్మనీలో కలిసిపోయింది. రెండో ఏడాది డిసెంబరుకి సోవియట్ యూనియన్ కూడా లేదు. తేదీ ముద్రే లేకపోతే ఆ కవర్లని ఎవరికి చూపించి ఏం చెప్పాలి?

తేదీలు అన్ని దేశాల్లో ఒకలాగే ఉండవని నేర్పింది జపాన్. మాలో ఒకడికి అక్కడ కలం స్నేహితుడు ఉండేవాడు. ఆ జపాన్ కుర్రాడు కవరులో తన ఇంటికొచ్చిన పాత కార్డు ఒకటి పెట్టి పంపాడు. కవరు మీద ఇంగ్లీషు అక్షరాల్లో టోక్యో, 88. లోపలి కార్డు మీద ముద్రలో 63. ఇరవై అయిదేళ్ళ కిందటి కార్డనుకుని వాడు గంతులేశాడు. మాస్టారు చల్లగా చెప్పారు, "అది చక్రవర్తి పాలన సంవత్సరం రా. 1925 కలుపు" అని. కలిపితే 1988. ఆ చక్రవర్తి హిరోహితో 1989 జనవరి 7న పోయారు. మర్నాటి నుంచి కొత్త శకం, మళ్ళీ ఒకటో సంవత్సరం. అంటే 64 అనే సంవత్సరం ఏడు రోజులే ఉంది. ఆ ముద్ర పంపమని మావాడు వెంటనే ఉత్తరం రాశాడు, కానీ ఆ ఉత్తరం జపాన్ చేరేసరికే 64 అయిపోయి ఉంటుంది కదా. సౌదీ నుంచి వచ్చిన కవర్ల మీద హిజ్రీ సంవత్సరం 1408 చూసి మేం కంగారు పడకపోవడానికి ఈ అనుభవమే కారణం.

ఇంక 8-8-88. ఆ సోమవారం మాస్టారు హెడ్‌మాస్టారిని ఒప్పించి మా క్లాసుని హెడ్ పోస్టాఫీసుకి నడిపించుకెళ్ళారు. తలకో పదిహేను పైసల కార్డు, ఎవరి ఇంటి చిరునామా వాళ్ళదే. అంతకుముందు ఒకచోట, ఊరు పేరు చెప్పను, గుమాస్తా ఒకాయన విసుగ్గా రెండు దెబ్బలు కొట్టి మా కవర్లన్నీ మసి చేసి ఇచ్చాడు. అందుకని ఈసారి ముందురోజే శిక్షణ. రద్దీ లేని వేళ వెళ్ళాలి. "బాబూ, నిదానంగా వేయండి" అని మర్యాదగా అడగాలి. కవరైతే లోపల అట్టముక్క పెట్టాలి, అప్పుడు ముద్ర సమంగా పడుతుంది. స్టాంపు అంచు మీద ముద్ర సగం పడితే చాలు, మిగతా సగం కాగితం మీద స్పష్టంగా చదవడానికి ఉండాలి. ఆ రోజు కౌంటర్లో ఉన్నాయన మంచివాడు. పొద్దున్నే తేదీ అచ్చులు ఎలా మారుస్తారో, మొదటి ముద్ర ఒక పుస్తకంలో వేసి ఎలా సరిచూసుకుంటారో విప్పి చూపించాడు. ప్యాడ్‌కి కొత్త సిరా కూడా వేశాడు. ఇంత చేసినా అందరికంటే అందమైన ముద్ర కళింగపట్నం నుంచి వచ్చే కుర్రాడికి దక్కింది. వాడు ఆ రోజు బడి ఎగ్గొట్టి వాళ్ళ ఊరి పోస్టాఫీసులోనే వేయించుకున్నాడు. మాస్టారు వాణ్ణి తిట్టాలో మెచ్చుకోవాలో తెలీక రెండూ చేశారు.

ఇప్పుడు ఇంటికొచ్చేవి బార్‌కోడ్ చీటీలు. ఎక్కడ బయల్దేరి ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది. హెన్రీ బిషప్ కోరుకున్నది ఇదే కాబట్టి నేను పెద్దగా ఏడవను. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అయినా పోస్టాఫీసులో గుండ్రటి ముద్ర ఇంకా ఉంది, అడిగితే వేస్తారు. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం, పుట్టినరోజుకి వాట్సాప్‌తో పాటు శ్రీకాకుళం ముద్ర ఉన్న కార్డు కూడా పంపుతాను. స్టాంపు ఏ బొమ్మదో తను ఎప్పుడూ అడగలేదు, ముద్ర మాత్రం ఫోటో తీసి పంపుతుంది.

మాస్టారి పెట్టె వాళ్ళబ్బాయి దగ్గర భద్రంగా ఉంది. ఈ సమ్మేళనానికి తెస్తానన్నారు. బడి వరండాలో ఒక బల్ల మీద పెడదామని కమిటీ వాళ్ళతో మాట్లాడాను. మీ ఇళ్ళలోనూ అటక మీద, పాత ట్రంకు పెట్టెల్లో ఉత్తరాలు ఉంటాయి. తెచ్చేటప్పుడు స్టాంపులు చింపొద్దు, సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. రబ్బరు బ్యాండు కూడా పెట్టకండి, వేసవికి కరిగి కాగితానికి పట్టుకుంటుంది. రంగం కవర్లు ఎవరు తెచ్చినా సంతోషం. నాకు ప్రత్యేకంగా కావలసింది ఒక్కటే ఉంది: 1950 ఆగస్టులో మన ఊళ్ళో పోస్టు చేసిన కార్డు, జిల్లా పుట్టిన వారానిది. 15న సెలవు కాబట్టి 16వ తేదీ ముద్రయినా చాలు. దొరికితే అడిగిన ధర ఇస్తాను. అమ్మనంటే ఒక ఫోటో తీసుకోనివ్వండి, బల్ల దగ్గరే ఉంటాను.