మాల్బోర్క్ కోటలో ఏది పాత, ఏది కొత్త?

పోలండ్‌లో గ్దాన్స్క్ దాకా వెళ్లినవాళ్లు మాల్బోర్క్ కూడా చూసే వస్తారు. వార్సా వైపు రైలెక్కితే గంట లోపే దిగొచ్చు. కోట దగ్గర ఓ కొట్లో కాఫీకి, శాండ్‌విచ్‌కి వదిలిన డబ్బు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ చిరాకుతోనే లోపలికి వెళ్లాను.

ట్యుటానిక్ నైట్స్ అనే క్రైస్తవ సైనిక సంఘం 13వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టిన ఇటుక కోట ఇది. వేసవి భోజనశాలలో కాఫీ ధర మర్చిపోయాను. అంత పెద్ద గదికి నడిమధ్య ఒకే ఒక్క గ్రానైట్ స్తంభం, కప్పు భారం దాని మీదే. పక్క గోడలో ఓ రాతి గుండు దిగబడి ఉంది. 1410 ముట్టడిలో పోలండ్ సైన్యం ఆ స్తంభానికే గురిపెట్టిందని చెప్పుకుంటారు. అప్పుడు కోట లొంగలేదు. 1457లో మాత్రం, నైట్స్ నుంచి జీతాలు అందని వాళ్ల కిరాయి సైనికులే దాన్ని పోలండ్ రాజుకే అమ్మేశారు!

తర్వాత 1945 నాటి ఫొటోలు చూశాను. సగానికి పైగా కోట నేలమట్టం. మనసు చివుక్కుమంది. మరి ఇందాకటి నుంచి నేను తడుముతూ వచ్చిన గోడలు ఎప్పటివి? పైగా యుద్ధంలో కూలిందాంట్లోనూ చాలా భాగం 1882 నుంచి స్టైన్‌బ్రెహ్ట్ అనే ఆర్కిటెక్ట్ నలభై ఏళ్లు కూర్చుని బాగుచేయించిందేనట. అంతకుముందు ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) వాళ్లు కోటను బ్యారక్స్‌గా, గోడౌన్‌గా వాడి పాడుచేశారు. నన్నెవరో మోసం చేసినట్టు అనిపించింది.

ఆ కోపం తగ్గింది కోటలోని మేరీమాత చర్చిలో. యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు దెబ్బతిన్న స్థితిలోనే ఉండి, 2016లో మళ్లీ తెరుచుకుంది. పైకప్పు కొత్త ఇటుకతో కట్టారు, పాతదానిలా కనబడాలని దానికి వేషమేమీ వేయలేదు. కింద పాత గోడల్లో దెబ్బతిన్న చెక్కడాలను అలాగే ఉంచారు. ఎక్కడిదాకా పాతదో, ఎక్కణ్ణుంచి కొత్తదో కంటికే తెలిసిపోతోంది. బయటి గోడ మీద సుమారు ఎనిమిది మీటర్ల మేరీమాత మొజాయిక్ విగ్రహాన్ని మాత్రం పూర్తిగా మళ్లీ చేశారు. ధగధగా మెరుస్తోంది, అందరూ అక్కడే ఫొటోలు దిగుతున్నారు. నాకు లోపలి గోడలే నచ్చాయి.

అక్కడ నిలబడితే మా ఓరుగల్లు కోట గుర్తొచ్చింది. తోరణాల మధ్య స్వయంభూ ఆలయం రాళ్లు నేల మీదే పడి ఉంటాయి కదా, చిన్నప్పుడు చూసినప్పుడల్లా ఎవరైనా ఈ గుడి మళ్లీ కడితే బాగుండు అనుకునేవాణ్ని. ఇప్పుడైతే కట్టమని అడగను. ఏ రాయి ఎక్కడిదో తెలిసినంతవరకు నిలబెట్టి, మిగతాచోట కొత్త రాయి కొత్తదిగానే కనిపించేలా పెడితే చాలు.