పెద్ద పార్టీ మీద పందెం, పది కిలోల కొరమీను

2024లో ఎలక్షన్ డ్యూటీల పుణ్యమా అని మా ఇంట్లో ఆవకాయ ఆలస్యమైంది. ఏటా మే నెల మొదట్లోనే జాడీలకెక్కే పచ్చడి ఆ ఏడు జూన్ 1న పెట్టాం. మే 13న పోలింగ్ అంటే దానికి ముందు ట్రైనింగులు, ఆ రోజు అర్ధరాత్రి దాకా ఓట్లు, తెల్లారుజామున పెట్టెలు అప్పజెప్పి ఇంటికి చేరడం. ఆ అలసట తీరడానికే నాకు వారం పట్టింది. నేను గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఊరు కావలి.

కాయలు కొట్టడానికి నెల్లూరు నుంచి మా తమ్ముడొచ్చాడు. ఒంగోలు నుంచి మా మరిది వచ్చాడు. టంగుటూరు నుంచి మా మామగారిని కూడా కార్లో ఎక్కించుకొచ్చాడు. తమ్ముడికి విడవలూరు పక్క రొయ్యల గుంటలున్నాయి. మరిది చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాస్తాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఒకచోట కూర్చోబెడితే మాత్రం కత్తిపీట కంటే వాళ్ళ నోళ్ళే పదును.

సాయంత్రం ఆరున్నరకు టీవీలో ఎగ్జిట్ పోల్స్ మొదలయ్యాయి. చాలా చానళ్ళలో ఎన్డీయేకి 350 పైనే. తమ్ముడు ఆవపిండి చేతుల్తోనే లేచి నిలబడ్డాడు.

"చూశావా బావా? అయిపోయింది కత."

"టీవీవోళ్ళు చెప్తే అయిపోద్దా? డబ్బాలు తెరవనీ" అన్నాడు మరిది.

మాట మాట పెరిగి పందెం దాకా వచ్చింది. మా ఆయన, తనకి సంబంధం లేని విషయమే అయినా, తమ్ముడి జేబులోంచి రొయ్యల మేత బిల్లు ఒకటి లాగి దాని వెనక రాశాడు. "4వ తారీఖున ఢిల్లీలో బీజేపీ గెలిస్తే మా తమ్ముడు, ఓడితే మా బావమరిది పది కిలోల కొరమీను తేవాలి." రాసింది మా ఆయన కాబట్టి అందులో 'మా తమ్ముడు' అంటే నా మరిది, 'మా బావమరిది' అంటే నా తమ్ముడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. మామగారు సాక్షి. ఆ కాగితం మీద ఇప్పటికీ నూనె మరక ఉంది.

4వ తేదీ మంగళవారం. పొద్దున పది గంటలకల్లా మన రాష్ట్రం సంగతి తేలిపోయింది. అసెంబ్లీలో 175కి 164 కూటమివి. వీధిలో టపాసుల మోతకి మా పక్కింటి పాప ఏడుపు లంకించుకుంది. ఢిల్లీ అంకెల మీదకి మా దృష్టి మళ్ళేసరికి మధ్యాహ్నమైంది. బీజేపీ 240 దగ్గర ఆగింది.

ముందు తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, కొరమీను ఎప్పుడు తెస్తాడో బావని కనుక్కో."

ఐదు నిమిషాలకి మరిది. "వదినా, మీ తమ్ముడు చేపలు ఆదివారం తెస్తాడంటనా?"

అసలు గొడవ అక్కడ మొదలైంది. తమ్ముడి లెక్క ఏందంటే, 240 అందరికంటే పెద్ద అంకె, రెండో పార్టీ కాంగ్రెస్‌కి 99, రెట్టింపు కంటే ఎక్కువ, ఇంకేం కావాలి అని. మరిది లెక్క ఏందంటే, సభలో 543 మంది, సగానికి పైన అంటే 272, వచ్చింది దానికి 32 తక్కువ, కిందటిసారి ఉన్న 303తో చూస్తే 63 తక్కువ, దీన్ని గెలుపంటారా అని. ఇద్దరి అంకెలూ కరెక్టే. తప్పంతా ఆ మేత బిల్లు వెనక రాసిన 'గెలిస్తే' అన్న మాటలో ఉంది.

"నువ్వు సోషల్ టీచరువి గదా, నువ్వే తేల్చు" అని నా నెత్తిన పెట్టారు. తీర్పు ఆదివారం, అంటే 9వ తేదీ. మోదీ ప్రమాణ స్వీకారం కూడా ఆ సాయంత్రమే.

నాకు నిజంగానే ఆ నాలుగు రోజులూ అదే ఆలోచన. పిల్లలకి ఏటా చెప్పే పాఠమే. రాజ్యాంగంలో 75వ అధికరణ, ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారు, మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. అంతే. ఆ అధికరణలో 'అతి పెద్ద పార్టీ' అన్న మాట ఎక్కడా లేదు. మరి పార్టీలన్నీ ఎందుకు దానికోసం అంత కొట్టుకుంటాయి? ముందు పిలుపు ఎవరికొస్తుందన్న ఆశ ఒకటుంది. అది రూలు కాదు, అలవాటు. అలవాటు కాబట్టే ఒక్కోసారి ఒక్కోలా నడిచింది.

1996 నాకు బాగా గుర్తు. కావలి జవహర్ భారతిలో డిగ్రీ, అదే నా మొదటి ఓటు. బీజేపీకి 161, కాంగ్రెస్‌కి 140. అందరికంటే పెద్ద పార్టీ కదా అని రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ వాజపేయిని పిలిచారు. పదమూడు రోజులు. సభలో బలం చాలదని తేలాక, ఓటింగ్ దాకా రాకుండానే ఆయన రాజీనామా చేశారు. ఆ తర్వాత దేవెగౌడ ప్రధాని అయ్యారు. ఆయన పార్టీ జనతాదళ్‌కి సొంతంగా ఉన్నది 46. అంటే 161 ఇంటికి వెళ్తే, 46 గద్దెనెక్కింది. మా హాస్టల్లో దీని మీద జరిగిన వాదన ఇంకా చెవుల్లో ఉంది. వార్డెన్ టీవీ కట్టేస్తే తప్ప ఆగలేదు.

అంతకు ముందు 1989లో ఇంకో విడ్డూరం. 197 సీట్లతో కాంగ్రెసే పెద్ద పార్టీ. అయినా రాజీవ్ గాంధీ ప్రభుత్వం కడతానని అడగలేదు. 143 ఉన్న జనతాదళ్ తరఫున వి.పి.సింగ్ ప్రధాని అయ్యారు, బయటినుంచి ఒక పక్క బీజేపీ, ఒక పక్క వామపక్షాలు నిలబెట్టాయి. 1998 వచ్చేసరికి రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ జాగ్రత్తపడ్డారు. పెద్ద పార్టీ అయితే అయ్యావు, మద్దతు ఇచ్చేవాళ్ళ ఉత్తరాలు చూపించు అని వాజపేయితో అన్నారు. ఆ ఉత్తరాలు చేరి ప్రభుత్వం ఏర్పడ్డాక, పదమూడు నెలలకి 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270.

ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకుని ఆదివారం కూర్చున్నా. నేను నోరు తెరవకముందే మామగారు అందుకున్నారు.

"ఢిల్లీ దాకా ఎందుకమ్మా. మన ప్రకాశం పంతులుగారి సంగతి చెప్పు వాళ్ళకి."

ఆయనకి ఎనభై నాలుగు. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం గురించి వాళ్ళ నాయన చెప్పిన కబుర్లు ఆయనకి కంఠతా వచ్చు. 1952, మద్రాసు అసెంబ్లీ. 375 సీట్లలో కాంగ్రెస్‌కి 152, సగం కూడా రాలేదు. కమ్యూనిస్టులు, ప్రజాపార్టీ, ఇంకొందరు కలిసి ఐక్య ప్రజాతంత్ర ఫ్రంటు కట్టి ప్రకాశం గారిని నాయకుడిగా ఎన్నుకున్నారు. తమకి 166 మంది ఉన్నారని గవర్నరుకి చెప్పారు. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం కాంగ్రెస్ తరఫున రాజాజీని పిలిచారు. అసెంబ్లీకి పోటీ కూడా చేయని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి మరీ ముఖ్యమంత్రిని చేశారు. ఆ తర్వాత చిన్న పార్టీలని, ఇండిపెండెంట్లని దగ్గరకి తీసుకుని ఆయన మెజారిటీ కూర్చుకున్నారు.

"అంటే అప్పుడు కూడా పెద్ద పార్టీనే పిలిచారు గదా మామా" అన్నాడు తమ్ముడు సంతోషంగా.

"ఉండు. మరుసటేడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పంతులుగారు కాంగ్రెస్ మద్దతుతోనే మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. ఏడాది తిరగ్గానే 1954లో ఒక్క ఓటుతో దిగిపోయాడు. ఒక్క ఓటు, విన్నావా? పెద్దా చిన్నా ఏంది."

మామగారు ఏది చెప్పినా చివరికి పొగాకు దగ్గరకే వస్తారు. నలభై ఏళ్ళు పొగాకు ఎండబెట్టే బ్యారన్ కాల్చిన మనిషి. ఆ రోజూ వచ్చారు. వేలం కేంద్రంలో అందరికంటే ఎక్కువ పాడినవాడిదే బేలు అనుకుంటారు కానీ, రేటు నచ్చకపోతే రైతు ఇవ్వనని వెనక్కి తెచ్చుకోవచ్చు అన్నారు. పైగా ఒకే గ్రేడు ఆకుకి కొనేవాళ్ళ అవసరాన్ని బట్టి ఒకరోజు ఒక ధర, ఇంకోరోజు ఇంకో ధర.

ఆ మాటతో నాకు ఒక లెక్క తట్టింది. తెలుగుదేశానికి 1996లో లోక్‌సభలో 16 సీట్లు. 2014లో 16. 2024లో కూడా 16. అందులో మన నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. ఒకే గ్రేడు, ఒకే బరువు. 2014లో బీజేపీకి సొంతంగానే 282 ఉండటంతో ఆ పదహారుకి గిరాకీ లేదు. 2024లో 240 దగ్గర ఆగడంతో అవే పదహారు బంగారమయ్యాయి. సభలో ఆరో పెద్ద పార్టీ, అయినా ఆ వారం ఢిల్లీలో కెమెరాలన్నీ దాని చుట్టూనే. దీన్నిబట్టి నాకర్థమైంది, పెద్ద పార్టీ ఎవరన్నది ఎంత ముఖ్యమో, అది 272కి ఎంత దూరంలో ఆగిందన్నది అంతకంటే ముఖ్యం. ఆ దూరమే మిగతావాళ్ళ రేటు.

ఒక్కోసారి పెద్ద పార్టీ పేరు తేల్చేది కూడా మనలాంటి రాష్ట్రమే. 2004లో కాంగ్రెస్‌కి 145, బీజేపీకి 138. తేడా ఏడు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే కాంగ్రెస్ 42కి 29 గెలిచింది. నెల్లూరు, ఒంగోలు కూడా అందులోవే. ఇది చెప్పినప్పుడు మరిది కళ్ళు పెద్దవి చేశాడు. తనకి ఆ ఎలక్షన్లో ఉచిత కరెంటు తప్ప ఇంకేం గుర్తులేదట.

రెండో స్థానం కోసం పోటీ సంగతి చెబుదామంటే ఎవరూ విన్లేదు గానీ, నాకు అదే ఇష్టమైన భాగం. ప్రతిపక్ష నాయకుడి హోదా దక్కాలంటే సభలో పదో వంతు, 55 మంది ఉండాలన్నది పాత ఆనవాయితీ. 2014లో కాంగ్రెస్‌కి 44, 2019లో 52. రెండుసార్లూ ఆ కుర్చీ ఖాళీ. పదేళ్ళ తర్వాత 99తో రాహుల్ గాంధీకి ఆ హోదా వచ్చింది. 1984లో అయితే రెండో పెద్ద పార్టీ మన తెలుగుదేశమే, 30 మందితో. ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ 400 దాటిన ఎన్నికది. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షం కావడం అదే మొదలు. బీజేపీకి అప్పుడు రెండే రెండు సీట్లు, అందులో ఒకటి మన హనుమకొండ. పి.వి.నరసింహారావు ఓడిపోయింది అక్కడే. రెండు నుంచి 161కి ఆ పార్టీకి పట్టింది పన్నెండేళ్ళు.

"అక్కా, పాఠం అయిపోతే తీర్పు" అన్నాడు తమ్ముడు. టీవీలో అప్పటికే రాష్ట్రపతి భవన్ ముందు కుర్చీలు నిండుతున్నాయి.

నేను కాగితం తిప్పి తిప్పి చూశాను. రాష్ట్రపతి పిలిచింది 293 మంది ఉన్న ఎన్డీయే నాయకుడిని. కాగితంలో ఉన్నది బీజేపీ అని. పార్టీ ఓడిందా అంటే, మొదటి స్థానంలో ఉన్నదాన్ని ఓడిందని ఎట్టంటాం? గెలిచిందా అంటే, ఇంకొకరి భుజం లేకుండా సభలో ఒక్కరోజు నిలబడలేదు. నాకు ఏదీ తేలలేదు, తేలలేదనే చెప్పాను.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీసుకున్నారు. రెండు నిమిషాలు చదివారు, ఉన్నదే ఒక్క వాక్యం.

"ఇది రాసిందెవడు?"

అందరం మా ఆయన వైపు చూశాం.

"గెలవడమంటే ఏందో రాయకుండా పందెం కాగితం రాసినోడిదే తప్పు. వాడే తేవాలి చేపలు."

మా ఆయన ముఖం చూడాలి! తమ్ముడూ మరిదీ అప్పటికప్పుడు ఒక్కటైపోయారు, చప్పట్లు కొట్టి మరీ తీర్పుని ఆమోదించారు. వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడటం నేను చూసింది అదొక్కసారే.

తర్వాతి ఆదివారం మా ఆయన కావలి మార్కెట్లో తిరిగి తిరిగి ఆరు కిలోల కొరమీనే తేగలిగాడు, మిగతా నాలుగు కిలోలు బొచ్చె. కోటా నిండలేదని ఇద్దరూ మళ్ళీ గొణిగారు. పులుసులో మామిడికాయ ముక్కలేసి రాత్రంతా అట్టే ఉంచి మర్నాడు తిన్నాం. మా నెల్లూరోళ్ళకి చేపల పులుసు ఆరోజుకారోజు తినడం సయించదు.

2029 కాగితం నేనే రాసిపెట్టాను. 'గెలుపు' అంటే ఆ పార్టీ ఒక్కదానికే, ఎన్నికల ముందు పొత్తుల్ని కలపకుండా, మొత్తం సీట్లలో సగానికి పైన రావడం. 272 అని అంకె వేయలేదు. నియోజకవర్గాల పునర్విభజన జరిగితే సీట్లు పెరుగుతాయంటున్నారు, సగం ఎంతో అప్పుడు చూసుకోవచ్చు. ఇది చదివి మరిది, 'సగానికి పైన' అంటే స్పీకర్ని కలిపా తీసేసా అని అడిగాడు. దాని గురించి నెలరోజుల్నించి ఇంట్లో వాదన నడుస్తోంది. మామగారు మాత్రం సాక్షి సంతకం కింద తన చేత్తో ఒక లైను కలిపారు: చేపలు కోయించి, పొట్టు తీయించి తేవాలి.