బాక్స్ మీద కూర్చుని బిగువు వదలకపోవడం

స్క్వాట్ అంటే బార్‌ను వీపు మీద మోస్తూ గుంజీలా కిందికి దిగి పైకి లేవడం; బాక్స్ స్క్వాట్‌లో దిగాక వెనుక ఉన్న బాక్స్ మీద కూర్చుని, ఒక క్షణం ఆగి లేస్తాం. దాన్ని మొదలుపెట్టిన రోజుకు పవర్‌లిఫ్టింగ్ (బరువులెత్తే క్రీడ) పోటీలో నా అత్యుత్తమ స్క్వాట్ 160 కిలోలు. ఆ రోజు బాక్స్ మీద 120 కిలోలతో రెండు రెప్‌లు, అంటే రెండుసార్లు దిగి లేవడం, ఎలాగో పూర్తి చేశాను. మూడోసారి కూర్చున్నాక బార్ అంగుళం కూడా కదలలేదు. మామూలు స్క్వాట్‌లో ఐదారు రెప్‌లు పెద్ద కష్టం లేకుండా చేసే బరువు అది. బార్ పడకుండా ఆపే సేఫ్టీ పిన్నుల మీదికి దాన్ని దించి, ఆ బాక్స్ మీదే కూర్చుని, ఇన్నాళ్లూ నేను బలమనుకున్నదానిలో కండరాలది ఎంత, వేగంగా దిగి ఆ ఊపులోనే పైకి రావడం వల్ల కలిసివచ్చినది ఎంత అని చాలాసేపు ఆలోచించాను. అంతకు కొన్ని నెలల ముందు ఒక పోటీలో, ముగ్గురు రిఫరీలలో ఇద్దరు లోతు చాలలేదని ఎర్ర దీపాలు వెలిగించడంతో నా రెండో ప్రయత్నం పోయింది. మూడో ప్రయత్నంలో లోతుకు దిగాను గాని, తొడలు నేలకు సమాంతరమయ్యే చోటుకు కాస్త పైన బార్ ఆగిపోయింది. అడుగున నిలదొక్కుకునే శక్తి లేకపోవడం వల్లనే అక్కడికి దిగడానికి నా శరీరం వెనుకాడుతోందనీ, ఒకవేళ దిగినా ఊపు అయిపోగానే చేతులెత్తేస్తోందనీ ఆ రోజు నాకు స్పష్టమైంది.

మామూలు స్క్వాట్‌లో కిందికి దిగుతున్నప్పుడు తొడల, పిరుదుల కండరాలూ వాటి స్నాయువులూ బరువు కింద సాగుతాయి. అలా సాగినప్పుడు వాటిలో కొంత శక్తి నిలవ అవుతుంది, ఆ వెంటనే దిశ మార్చుకుని పైకి లేస్తే ఆ శక్తి తిరిగి చేతికి వస్తుంది. ఎగిరి దూకేముందు ఎవరూ నేర్పకుండానే మోకాళ్లు ఒకసారి వంచుతాం కదా, అదీ ఇదీ ఒకటే. అడుగున ఒక క్షణం ఆగితే ఆ నిలవలో చాలా భాగం వేడిగా కరిగిపోతుంది. బాక్స్ స్క్వాట్ ఉద్దేశపూర్వకంగా చేసే పని ఇదే. దిగుడు పూర్తిగా ఆగిపోతుంది, బరువులో కొంత బాక్స్ మీదికి మారుతుంది, ఆపైన నిశ్చలంగా ఉన్న బార్‌ను కదిలించడానికి కండరాలు సున్నా నుంచి బలాన్ని పుట్టించుకోవాలి. బలం ఎంత ఉందన్నదే కాక ఎంత తొందరగా పుట్టిందన్నదీ ఇక్కడ ముఖ్యం. భారీ బరువు కింద నెమ్మదిగా బలం కూడగట్టుకునేంత వ్యవధి మనిషికి ఉండదు.

ఈ పద్ధతికి పాత చరిత్రే ఉంది. 1960ల్లో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో వెస్ట్‌సైడ్ బార్‌బెల్ క్లబ్ అనే చిన్న బృందం ఉండేది. బిల్ వెస్ట్, జార్జ్ ఫ్రెన్ వంటి లిఫ్టర్లు అక్కడ రకరకాల ఎత్తుల బాక్స్‌ల మీద స్క్వాట్ చేసేవారు. ఆ పేరునే తన జిమ్‌కు పెట్టుకున్న లూయీ సిమ్మన్స్, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో దశాబ్దాల పాటు ఈ వ్యాయామాన్ని ఒక శిక్షణా విధానంగా తీర్చిదిద్ది, 2022లో కన్నుమూసే దాకా దాని గురించి రాస్తూ, చెబుతూనే ఉన్నారు. ఆయన విధానంలో వారానికి ఒక రోజు గరిష్ఠ బరువుకు, దానికి 72 గంటల ఎడంతో మరో రోజు వేగానికి కేటాయిస్తారు. వేగం రోజున గరిష్ఠ బరువులో 50 నుంచి 60 శాతం మాత్రమే బార్ మీద పెట్టి, రెండేసి రెప్‌ల చొప్పున 8 నుంచి 12 సెట్లు (విడతలు), మధ్యలో నిమిషానికి మించని విరామంతో చేస్తారు. పైకి వచ్చేకొద్దీ బరువు పెరిగేలా బార్‌కు గొలుసులో, రబ్బరు బ్యాండ్లో తగిలిస్తారు. బరువు తేలికగా ఉంది కదా అని రెప్‌ను తేలికగా తీసుకోకూడదు. ప్రతి రెప్‌లోనూ బార్‌ను ఎంత వేగంగా తోయగలమో అంత వేగంగా తోయాలి. నా అనుభవంలో ఈ మాటను పట్టించుకోనివారే ఎక్కువ, బ్యాండ్ల రంగుల గురించి చర్చించేవారే ఎక్కువ.

బాక్స్ ఎత్తు విషయంలో నిజాయితీ లేకపోతే మిగిలినదంతా వృథా. ఇంటర్నేషనల్ పవర్‌లిఫ్టింగ్ ఫెడరేషన్ నియమం ప్రకారం, తుంటి కీలు దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి రావాలి. కాబట్టి నేను బాక్స్ ఎత్తును సెంటీమీటర్లలో కాక నా శరీరంతోనే కొలుస్తాను. ఖాళీ బార్‌తో కూర్చుని, మోకాలి ఎత్తున పక్క నుంచి వీడియో తీయించుకుని, తుంటి మడత మోకాలి కంటే కిందికి వచ్చిందో లేదో చూస్తాను. రాకపోతే బాక్స్ మార్చాలి. తక్కువ ఎత్తు బాక్స్ ఒకటి పెట్టుకుని, పైన గట్టి రబ్బరు మ్యాట్లు ఒక్కొక్కటిగా పేర్చుకోవడం అన్నిటికంటే సులువు. మెత్తని కుషన్ ఉన్న బాక్స్ పనికిరాదు, ఎందుకంటే బరువు పెరిగేకొద్దీ అది నొక్కుకుపోయి ఎత్తు మారుతుంది, ఆగిన చోటు కూడా తెలియదు. ఎక్కువ ఎత్తు బాక్స్ మీద పెద్ద అంకెలు వస్తాయి, కానీ పోటీలో మనల్ని ఓడించేది ఆ ఎత్తుకు కింద ఉన్న నాలుగు అంగుళాలే.

ఇక చేయడం. కాళ్లు వెడల్పుగా పెట్టేవారికి బాక్స్ రెండు కాళ్ల మధ్యకు వస్తుంది. దగ్గరగా పెట్టేవారు బాక్స్‌ను కాస్త తిప్పి ఒక మూల తమ వైపు ఉండేలా పెట్టుకుంటే మడమలు తగలవు. వెనక్కి అడుగులు వేసేటప్పుడు బాక్స్ కనిపించదు కాబట్టి, పాదాలు ఎక్కడ ఆగాలో నేల మీద సుద్దతో గీత గీసుకుంటాను. పొట్ట నిండా గాలి పీల్చి, బెల్ట్ మీదికి అన్ని వైపులా ఒత్తి, బార్‌ను వీపులోకి లాగిపెట్టి, ముందు తుంటిని వెనక్కి పంపుతాను. మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి తప్ప పెద్దగా ముందుకు పోవు. పిక్క ఎముక దాదాపు నిటారుగా ఉంటుంది. దిగుడంతా నా అదుపులోనే ఉండాలి, చివరి రెండు అంగుళాలు మరీ ఎక్కువగా. బాక్స్ తగిలాక బరువు దాని మీదికి కొంత మారనిస్తాను, ఒక్క క్షణం పూర్తిగా ఆగుతాను, కానీ గాలి వదలను, నడుము వదలను, వీపు వదలను. లేచేటప్పుడు మొదటి కదలిక బార్‌ను వీపుతో పైకి నెట్టడంతో మొదలవ్వాలి. పిరుదులు ముందుగా లేచిపోతే స్క్వాట్ కాస్తా నడుము వంచి బరువెత్తే పనిగా మారిపోతుంది.

ఈ ‘వదలకపోవడం’ నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. కూర్చోవడం అంటే విశ్రాంతి అని శరీరానికి పుట్టినప్పటి నుంచీ అలవాటు. బాక్స్ తగలగానే పొట్ట దానంతటదే సడలుతుంది, నడుము కొద్దిగా గుండ్రమవుతుంది. పైన బార్, కింద గట్టి బాక్స్, మధ్యలో సడలిన వెన్నుపూస ఉండటం ఈ వ్యాయామంలో అన్నిటికంటే ప్రమాదకరమైన స్థితి. అందుకే బాక్స్ మీద ధబ్బున పడటాన్ని నేను చిన్న తప్పుగా చూడను; ఎవరైనా అలా చేస్తుంటే బరువు సగానికి తగ్గించమని అడుగుతాను. కూర్చున్న శబ్దం వినిపించకూడదన్నది నేను పెట్టుకున్న కొలత. ఇక వెనక్కి ఊగి ముందుకు వచ్చే ఊపుతో లేవడం ఉంది. కొద్దిపాటి ఊపును కొందరు అనుభవజ్ఞులు కావాలనే వాడతారు, కానీ ఊపు లేకుండా ఆగి లేవడం రాని మనిషి దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే బాక్స్ తీసేసిన ఊపునే అతడు మరో దారిన తెచ్చుకుంటున్నాడు. సేఫ్టీ పిన్నులు, కూర్చున్నప్పుడు బార్ ఉండే ఎత్తుకు కొంచెం కింద తప్పనిసరిగా ఉండాలి. వెనుక బాక్స్ ఉండటం వల్ల విఫలమైనప్పుడు తప్పుకునే దారి మామూలు స్క్వాట్‌లో కంటే తక్కువ. నడుము డిస్కు సమస్య ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.

బాక్స్ స్క్వాట్ మామూలు స్క్వాట్‌కు ప్రత్యామ్నాయమా అన్న ప్రశ్నకు నా సమాధానం కాదనే. స్విన్‌టన్ అనే పరిశోధకుడి బృందం 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పన్నెండు మంది పవర్‌లిఫ్టర్ల చేత సాధారణ స్క్వాట్, కాళ్లు వెడల్పుగా పెట్టే పవర్‌లిఫ్టింగ్ స్క్వాట్, బాక్స్ స్క్వాట్ మూడూ గరిష్ఠ బరువులో 30, 50, 70 శాతాలతో చేయించి కొలిచారు. మోకాలు ఎక్కువగా ముందుకు పోయినది సాధారణ స్క్వాట్‌లో. బలం అతి వేగంగా పుట్టినది బాక్స్ స్క్వాట్‌లో. ఈ రెండు ఫలితాలనూ కలిపి చదవాలి. ఆగిన చోటు నుంచి పేలినట్టు లేవడం బాక్స్ నేర్పుతుంది, కానీ మోకాలు ముందుకు పోకపోవడం వల్ల తొడ ముందు కండరాలకు దక్కాల్సిన పని కొంత తగ్గి తుంటికి మారుతుంది. వెస్ట్‌సైడ్ లిఫ్టర్లలో చాలామంది మందమైన మల్టీప్లై (అనేక పొరల) సూట్లు వేసుకుని, కాళ్లు బాగా వెడల్పుగా పెట్టి ఎత్తేవారు. ఆ సూట్ అడుగున తుంటిని పట్టి ఉంచుతుంది కాబట్టి వెనక్కి కూర్చునే ఆ కదలిక వారి పోటీ స్క్వాట్‌కు చాలా దగ్గరగా ఉండేది. సూట్ లేకుండా, బెల్ట్‌తోనూ మోకాలి స్లీవ్‌లతోనూ ఎత్తే నాబోటివారికి అడుగున తొడల బలం కూడా అంతే కావాలి. పైగా పోటీ స్క్వాట్‌లో, పడుకుని ఛాతీ మీది నుంచి బార్‌ను తోసే బెంచ్ ప్రెస్‌లోలా, అడుగున ఆగి ఆదేశం కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు. దిగిన ఊపును వాడుకోవడం నియమాలు అనుమతించిన నైపుణ్యం, దాన్ని కూడా విడిగా సాధన చేయాల్సిందే.

అందువల్ల పోటీకి దూరంగా ఉన్న నెలల్లో వారానికి ఒక రోజు బాక్స్ స్క్వాట్, మరో రోజు మామూలు స్క్వాట్ చేస్తాను. బాక్స్ రోజున మూడు వారాల చక్రం నడుపుతాను. మొదటి వారం 50 శాతంతో పది సెట్లు, రెండో వారం 55 శాతంతో పది, మూడో వారం 60 శాతంతో ఎనిమిది, అన్నీ రెండేసి రెప్‌లే. నాలుగో వారం మళ్లీ 50కి వస్తాను, కానీ ఈసారి బార్ మరింత వేగంగా కదలాలని చూస్తాను. గరిష్ఠ బరువుతో బాక్స్ స్క్వాట్ నెలకు ఒక్కసారికి మించి చేయను. తొడల కోసం ఆ తర్వాత ఫ్రంట్ స్క్వాట్ (బార్‌ను భుజాల ముందు పెట్టుకుని చేసేది) గాని లంజెస్ (ఒక కాలు ముందుకు వేసి దిగడం) గాని తప్పకుండా ఉంటుంది. పది నెలల తర్వాతి పోటీలో 172.5 కిలోలకు మూడు తెల్ల దీపాలు వచ్చాయి. ఆ 12.5 కిలోలన్నీ బాక్స్ చలవేనని చెప్పను. ఆ పది నెలల్లో నిద్ర మెరుగుపడింది, శరీర బరువు కూడా రెండు కిలోలు పెరిగింది. అయితే బార్ ఆగిపోయే ఆ చోటు మాత్రం ఖచ్చితంగా మారింది. ఆ పోటీ వీడియోలో బార్ అక్కడ నెమ్మదించింది గాని ఆగలేదు.

పోటీకి ఐదు వారాల ముందు బాక్స్ పూర్తిగా తీసేస్తాను. మొదటిసారి ఇది తెలియక రెండు వారాల ముందు దాకా కొనసాగించి ఇబ్బంది పడ్డాను. నెలల తరబడి కింద ఏదో తగులుతుందని నమ్మిన శరీరం, బాక్స్ లేని మొదటి రోజు గాలిలో దాని కోసం వెతుకుతుంది. తుంటి అవసరానికి మించి వెనక్కి పోతుంది, ఛాతీ ముందుకు వాలుతుంది, ఎక్కడ దిశ మార్చాలో తెలియక అడుగున తడబడతాం. మొదటి రెండు సెషన్లలో 70 శాతానికి మించకుండా, ప్రతి సెట్‌నూ పక్క నుంచి వీడియో తీసుకుంటూ లోతును కళ్లతో సరిచూసుకుంటే మూడో సెషన్‌కు ఆ వెతుకులాట తగ్గిపోతుంది. మిగిలిన మూడు వారాలు పోటీ బరువుల కోసం దక్కుతాయి.